తోట డబ్బు గురించి పెద్దబ్బాయికి

చిరంజీవి పెద్దబ్బాయిని అత్తయ్య దీవించి రాయునది.

కోటిపల్లి–నరసాపురం రైలు మార్గానికి పోయిన తోట పరిహారం నీ ఖాతాలో పడిందని వదిన ఫోనులో చెప్పింది. అధికారుల ఎదుట నిలబడి చెట్టు చెట్టునూ లెక్క రాయించావట. మా అన్నయ్య ఉంటే మీసం మీద చెయ్యి వేసుకునేవాడు. కానీ ఆ డబ్బుతో కొనే రాజమండ్రి ఇల్లూ, మిగిలిన పొలమూ మగపిల్లలిద్దరికీ ఇప్పుడే సెటిల్‌మెంటు, అంటే బతికుండగానే హక్కు వాళ్లకు దాటించే దస్తావేజు, రాసేస్తావని విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

తేలికైనవి ముందు చెబుతాను. డబ్బంతా ఒకే బ్యాంకులో పెట్టకు, ఒక్కో బ్యాంకులో 5 లక్షల వరకే బీమా ఉంటుంది. రొయ్యల చెరువుకని చేబదులు అడిగే బంధువులకు ఆరు నెలలు ఆగమని చెప్పు. ఏ కాగితం ఎక్కడుందో కోడలికి తెలియాలి.

ఇక అసలు సంగతి. 1996 నవంబరు తుపానుకు మా మామగారి కొబ్బరితోట నేలమట్టమైంది. పడిన మానులు తీయించి, మళ్లీ మొక్కలు నాటి, పిల్లల్లా పెంచారు. కాపు మొదలైన ఏడే తోటంతా పెద్ద కొడుకు పేర రాసేశారు. తమ్ముడికీ చెల్లికీ ఇవ్వాల్సింది నువ్వే చూసుకోమని నోటిమాటగా చెప్పారు. ఆయన పోషణ గురించి దస్తావేజులో ఒక్క ముక్క లేదు.

తరువాతి ఎండాకాలం కొబ్బరికాయలు దింపే రోజున, నేను మజ్జిగ పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాను. మామగారు రెండు బొండాలు కొట్టి ఇమ్మన్నారు. ఆయన చేతికింద ముసలివాడైన దింపు కార్మికుడు కత్తి పట్టుకుని కూడా కొట్టలేదు. నేల చూస్తూ, ‘‘పెద్దబ్బాయిగారు చెప్పారా అండీ?’’ అన్నాడు. మామగారు ఏమీ అనలేదు. కండువా దులుపుకుని ఇంటికి నడిచారు. మళ్లీ ఆ తోటలో అడుగు పెట్టలేదు. మా బావగారు చెడ్డవారు కారు, తండ్రికి అన్నం పెట్టారు. కానీ మందులకు కూడా ఆయన కొడుకును అడగాల్సి వచ్చింది. ఆడపడుచు వాటా సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆమె పుట్టింటి గుమ్మం తొక్కడం మానేసింది.

2007లో వచ్చిన వయోవృద్ధుల చట్టం ప్రకారం, పోషించాలన్న షరతు దస్తావేజులో రాసి ఉండి, పిల్లలు చూడకపోతే, ఆర్డీవో నడిపే ట్రిబ్యునల్‌కు వెళ్లి దాన్ని రద్దు చేయించుకోవచ్చు. కానీ కన్నపిల్లల మీద ఫిర్యాదు పట్టుకుని ఆర్డీవో ఆఫీసు మెట్లెక్కే గతి నీకెందుకురా నాయనా?

అందుకే సెటిల్‌మెంటు వద్దు, వీలునామా రాయి. బతికున్నంతకాలం ఆస్తి నీ చేతిలోనే ఉంటుంది, మనసు మారితే మార్చుకోవచ్చు. స్టాంపు కాగితం అక్కర్లేదు. ఇద్దరు సాక్షులు నీ సంతకం చూసి తామూ సంతకం చేయాలి. వాళ్లు నీకన్నా చిన్నవాళ్లూ, వాటా లేనివాళ్లూ అయితే మంచిది. తప్పనిసరి కాకపోయినా రిజిస్టరు చేయించు. బ్యాంకులో నామినీగా పెద్దవాడి పేరు ఇచ్చాను కదా అని ఊరుకోకు. నామినీ డబ్బు అందుకునేవాడే, వారసుడు కాడు.

వీలునామాలోనైనా నీ వాటాకు మించి రాయలేవు. మీ నాన్న వీలునామా లేకుండా పోయాడు కనుక, హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆ తోటలో మీ అమ్మకూ, నీకూ, చెల్లికీ హక్కుంది. తోట డబ్బుగా మారినంత మాత్రాన ఆ హక్కు పోదు. పెళ్లిలో పసుపు కుంకుమల కింద అర ఎకరం ఇచ్చామని సరిపెట్టుకోకు. చెల్లి అడగదు, నాకు తెలుసు. నీ జ్వరానికి రాత్రంతా తడిగుడ్డ వేసిన పిల్ల అది. అడగకముందే నువ్వు లెక్క చెప్పాలి.

ఇల్లు రిజిస్ట్రేషన్‌కు తేదీ పెట్టకముందే చెల్లికి ఫోను చెయ్యి. తరువాత పరిహారం తేల్చిన అవార్డు నకలు, పాత దస్తావేజులు తీసుకుని ఇద్దరూ కలిసి రండి. అమలాపురంలో తెలిసిన ప్లీడరు ఉన్నారు, నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
అత్తయ్య