జిమ్నాసియం వద్దు, ఫుట్‌బాలే కావాలంటోంది!

ప్రశ్న: మేం 2017 నుంచి జ్యూరిక్‌లో ఉంటున్నాం. మా అమ్మాయికి 14 ఏళ్లు, సెకండరీ రెండో ఏడాది. క్లబ్‌లో మిడ్‌ఫీల్డ్ ఆడుతుంది. 2025 మహిళల యూరో ఫుట్‌బాల్ టోర్నీలో స్విస్ కెప్టెన్ లియా వెల్టిని చూసినప్పటి నుంచి జిమ్నాసియం (యూనివర్సిటీకి నేరుగా దారితీసే హైస్కూలు) ఎంట్రన్స్ రాయనంటోంది, స్పోర్ట్స్ అప్రెంటిస్‌గా చేరతానంటోంది. వాళ్ల నాన్నేమో ఈటీహెచ్ (జ్యూరిక్‌లోని పేరున్న టెక్నాలజీ యూనివర్సిటీ) తప్ప మరో మాట వినరు. మధ్యలో నేను నలిగిపోతున్నాను.

జవాబు: అమ్మా, ముందు వెల్టి సంగతే చూద్దాం. చీజ్‌కు పేరున్న ఎమ్మెంటాల్ ప్రాంతంలో లాంగ్‌నావ్ ఆమె ఊరు. బెర్న్‌లోని యంగ్ బాయ్స్ క్లబ్ మహిళల జట్టుతో 2011లో స్విస్ లీగ్ గెలిచింది. 2013లో, 20 ఏళ్ల వయసులో జర్మనీలోని పోట్స్‌డామ్ క్లబ్‌కు వెళ్లి అయిదేళ్లు ఆడింది. ఇంగ్లండ్ క్లబ్ ఆర్సెనల్ తీసుకునేనాటికి 25 ఏళ్లు. ఆ జట్టుతో ఛాంపియన్స్ లీగ్ అందుకునేసరికి 32. ఆ వేసవిలోనే సొంతగడ్డ మీద యూరోలో కెప్టెన్, ఆ వెంటనే ఇటలీ క్లబ్ యువెంటస్‌కు. మీ అమ్మాయి చూసింది ఈ చివరి భాగమే.

పైగా ఆమెది గోల్స్ కొట్టి పేరు తెచ్చుకునే పొజిషన్ కాదు. డిఫెన్స్ ముందు నిలబడి, బంతి కాలికి రాకముందే అటూ ఇటూ తల తిప్పి చూసుకుని, ఎవరికివ్వాలో అప్పటికే తేల్చుకుని ఉంటుంది. ఆ ఆట ముదరాలంటే ఏళ్లు పడుతుంది. స్విస్ అమ్మాయి సిడ్నీ షెర్టెన్‌లైబ్ 17 ఏళ్లకే బార్సిలోనా వెళ్లలేదా అంటుంది మీ అమ్మాయి. వెళ్లింది. కానీ అలాంటి ఒక్కరిని చూసి మన ఇంట్లో నిర్ణయాలు తీసుకోలేం. స్విస్ మహిళల లీగ్‌లో ఇప్పటికీ చాలామంది ఉద్యోగమో చదువో చేసుకుంటూనే ఆడుతున్నారు.

ఇక మీవారి బెంగ. అప్రెంటిస్ అనగానే మనవాళ్లకు ఐటీఐ గుర్తొస్తుంది, మార్కులు రాని పిల్లలు పోయే చోటని. ఇక్కడ మూడింట రెండొంతుల మంది పిల్లలు పోయే దారి అదే. క్రీడాకారుల కోసం మూడేళ్ల కమర్షియల్ అప్రెంటిస్‌షిప్‌ను నాలుగేళ్లకు సాగదీసి, ప్రాక్టీసుకు టైమిస్తారు. దాంతోపాటు వొకేషనల్ మటురా (వృత్తివిద్యతో పాటు చేసే ఇంటర్‌లాంటి కోర్సు) పూర్తిచేస్తే అప్లైడ్ సైన్సెస్ యూనివర్సిటీలో చేరవచ్చు. ఆ పైన పాసరెల్ అనే అదనపు పరీక్ష పాసైతే ఈటీహెచ్ తలుపూ తెరుచుకుంటుంది. చుట్టుదారే, కాదనను. నేరుగా వెళ్లాలంటే జ్యూరిక్‌లోనే రామీబ్యూల్‌లో క్రీడలు, కళల పిల్లలకు ప్రత్యేకంగా జిమ్నాసియం ఉంది. దానికీ ఎంట్రన్స్ రాయాల్సిందే. నన్నడిగితే పరీక్ష రాయమనండి. రాసినంత మాత్రాన చేరాలని లేదు కదా.

అన్నిటికంటే ముందు కోచ్‌ను ఒక్కటే అడగండి: అమ్మాయికి ప్రతిభ ఉన్న పిల్లలకిచ్చే స్విస్ ఒలింపిక్ టాలెంట్ కార్డ్ వస్తుందా, వస్తే లోకలా, రీజినలా, నేషనలా? స్పోర్ట్స్ స్కూళ్లైనా, క్రీడాకారులను తీసుకునే కంపెనీలైనా మొదట చూసేది దాన్నే. లోకల్ దగ్గరే ఆగిపోతే మామూలు అప్రెంటిస్‌షిప్‌తోనో, మామూలు జిమ్నాసియంతోనో క్లబ్ ఆట సాగించడం మేలు.

మీరు అడగని విషయం ఒకటుంది, నాకు అదే పెద్దదిగా కనిపిస్తోంది. స్విస్ జట్టుకు ఆడాలంటే స్విస్ పౌరసత్వం కావాలి. ఇక్కడ పదేళ్లు ఉండాలి, కానీ 8 నుంచి 18 ఏళ్ల మధ్య గడిపిన ఏళ్లను రెట్టింపుగా లెక్కిస్తారు. ఆ లెక్కన మీ అమ్మాయికి ఏళ్లు సరిపోయినట్టే. సీ పర్మిట్ (శాశ్వత నివాస అనుమతి) కూడా ఉండాలి. మైనర్ తరఫున తల్లిదండ్రులే దరఖాస్తు చేయవచ్చు. అయితే ఆ పాస్‌పోర్ట్ తీసుకున్న రోజే ఇండియా పౌరసత్వం పోతుంది. విదేశీ పౌరులైన భారతీయులకిచ్చే ఓసీఐ కార్డుతో ఇండియా జట్టుకు ఆడనివ్వరు. ఇండియా మహిళల జట్టును తీసిపారేయనక్కర్లేదు. 2025 జులైలో థాయిలాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించింది, రెండు గోల్సూ మిడ్‌ఫీల్డర్ సంగీతా బస్ఫోర్‌వే. మన నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య 2022లోనే క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు వెళ్లి ఆడింది. ఏ పాస్‌పోర్ట్ అన్నది అమ్మాయిని కూర్చోబెట్టుకుని ముగ్గురూ తేల్చుకోండి. 16 దాటాక దరఖాస్తుకు తన అంగీకారం కూడా కావాలి.

ఈలోగా వచ్చే సెలవుల్లో ఏదైనా కంపెనీలో నాలుగు రోజుల ష్నుప్పర్‌లేరేకు (పని ఎలా ఉంటుందో చూసే ట్రయల్‌కు) పంపండి. పొద్దుటి నుంచి ఆఫీసులో కూర్చుని, సాయంత్రం ప్రాక్టీసుకు వెళ్లి, రాత్రి ఇంటికొచ్చాక ఏమంటుందో విని నాకు రాయండి. కార్డ్ సంగతి కూడా అప్పటికి తేలితే కంపెనీలు, స్కూళ్ల జాబితా చూద్దాం.