కహూట్‌కి హుషారు, బ్రేకౌట్ రూముల్లో మౌనం: ఏం చేయాలి?

మేడమ్, మీ ఆన్‌లైన్ స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో కహూట్ అనే ఆన్‌లైన్ క్విజ్ ఆటకి ఎగబడే పిల్లలు, జూమ్‌లో చిన్న గుంపులుగా విడదీసే బ్రేకౌట్ రూముల్లో నోరు విప్పరని, క్లాసు గురించి అభిప్రాయం అడిగితే అందరూ "గుడ్" అని రాస్తున్నారని అన్నారు.

అసలు చిక్కు రూముల్లోనే ఉంది. మీరు షేర్ చేసిన స్లైడ్ మామూలుగా రూముల్లోకి వెళ్లదు. లోపలికి వెళ్లేసరికి ప్రశ్న కళ్లముందు ఉండదు, ఏం మాట్లాడాలో తోచక మైకు మ్యూట్‌లోనే ఉంచేస్తారు. పంపేముందే ప్రశ్నను నోట్‌బుక్‌లో రాయించండి. దాని కింద "ఐ థింక్... బికాజ్..." లాంటి రెండు వాక్యాల మొదళ్లు కూడా. రూముకు ముగ్గురు, 5 నిమిషాలు చాలు. ఇద్దరినే వేస్తే ఒకరి నెట్ పోగానే రెండోవాళ్లు ఒంటరైపోతారు, పాపం.

కహూట్‌లో త్వరగా నొక్కితే ఎక్కువ పాయింట్లు కాబట్టి నెమ్మదిగా చదివేవాళ్లు ఊహించి నొక్కేస్తారు. గ్రామర్ ప్రశ్నలకు టైమర్ 20 నుంచి 60 సెకన్లకు పెంచండి. ఒకే ఫోన్‌లో జూమ్, కహూట్ రెండూ నడిపేవాళ్ల కోసం, ప్రశ్న వాళ్ల తెరమీదే కనిపించే సెట్టింగ్ ఆన్ చేయండి. లేకపోతే వాళ్లకు రంగు గడులే కనిపిస్తాయి.

ఇక అభిప్రాయాలు. గూగుల్ ఫామ్‌లో ఈమెయిల్ సేకరణ ఆపేయండి, పేరు అడగొద్దు. "నచ్చిందా?" అని కాకుండా "ఈరోజు ఎన్ని వాక్యాలు మాట్లాడారు? ఎక్కడ ఆగిపోయారు?" అని తెలుగులో అడిగి, తెలుగులోనే రాయనివ్వండి.