ఆ అమ్మాయి డబ్బు మీ బీరువాలో వద్దు

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లె. కుట్టుపని చేసుకుంటాను, పొదుపు సంఘంలో సభ్యురాలిని. మా వీధిలోని పదిహేనేళ్ల అమ్మాయి సాయంత్రం బడి నుంచి వచ్చాక చీరలకు ఫాల్స్ కుట్టిపెట్టి నా దగ్గర నాలుగు రూపాయలు సంపాదించుకుంటోంది. బియ్యం డబ్బాలో దాచుకున్న ఆ డబ్బును తండ్రి రెండుసార్లు తాగుడుకు పట్టుకుపోయాడు. "అక్కా, నీ బీరువాలో దాచిపెట్టు" అని బతిమాలుతోంది. దాచవచ్చా? ఖాతా తెరవాలంటే తండ్రి సంతకం కావాలా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఆ అమ్మాయి మిమ్మల్ని అంతగా నమ్మడం చూస్తే మనసు నిండింది. అయినా మీరు దాచవద్దనే చెబుతాను. రేపు లెక్కలో తేడా వచ్చినా, సంగతి తెలిసి తండ్రి మీ గుమ్మంలో నిలబడినా, ఆ డబ్బు ఆమెదేనని చూపడానికి మీ దగ్గర కాగితం ముక్క కూడా ఉండదు. ఖాతా తెరిచేలోపు ఒకటి రెండు వారాలు తప్పనిసరైతే, ఇచ్చిన ప్రతి రూపాయినీ తేదీ వేసి చిన్న పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం చేయండి.

తండ్రి సంతకం అక్కరలేదు. పదేళ్లు నిండిన పిల్లలు తమ పేరునే పొదుపు ఖాతా తెరిచి, తామే నడుపుకోవడానికి రిజర్వు బ్యాంకు 2014లోనే వీలు కల్పించింది, 2025లో ఆ నిబంధనలను సవరించినప్పుడూ దానిని కొనసాగించింది. ఎంత మొత్తం వరకు అన్నది మాత్రం ఆయా బ్యాంకులు నిర్ణయిస్తాయి. పోస్టాఫీసులోనైతే పదేళ్లు దాటిన అమ్మాయి 500 రూపాయలతో సొంత ఖాతా మొదలుపెట్టవచ్చు. సుకన్య సమృద్ధి ఖాతా గురించి ఎవరైనా చెబితే, అది పదేళ్లలోపు ఆడపిల్లల పేరున తెరిచేదని గుర్తుంచుకోండి.

ఖాతా తెరవడం కంటే ఆ తర్వాతి జాగ్రత్తలే నాకు ముఖ్యంగా కనిపిస్తున్నాయి. దరఖాస్తులో తండ్రి ఫోన్ నంబరు రాస్తే, డబ్బు జమ అయిన ప్రతిసారీ ఆ సందేశం ఆయన చేతిలోనే మోగుతుంది; కాబట్టి తల్లి నంబరు గానీ, ఆమెకు నమ్మకమైన మరొకరిది గానీ ఇవ్వాలి. ఏటీఎం కార్డు ఇప్పుడే వద్దు, ఎందుకంటే కార్డు లాక్కుని పిన్ చెప్పమని గద్దించే మనిషి ముందు పదిహేనేళ్ల పిల్ల ఎంతసేపు నిలవగలదు? పాస్‌బుక్కు, తన సంతకంతో డబ్బు తీసుకునే ఫారం చాలు. "నీ ఖాతా కొన్నాళ్లు వాడుకోనివ్వు, కమీషన్ ఇస్తాం" అని ఎవరు అడిగినా, అన్న వరసైనవాడే అడిగినా, ఒప్పుకోకూడదని గట్టిగా చెప్పండి. మోసపు సొమ్ము అలాంటి ఖాతాల మీదుగానే చేతులు మారుతుంది, పోలీసులు ముందుగా ఖాతాదారు ఇంటికే వస్తారు.

ఇంట్లో డబ్బు బొత్తిగా కనిపించకపోతే ఆ కోపం పిల్ల మీదకు మళ్లే ప్రమాదం ఉంది. అందుకని తల్లిని రహస్యంగానైనా కలుపుకోవడం మేలు. పిల్ల మీద చేయి చేసుకుంటే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయడానికి మొహమాటపడకండి. ఈసారి ఫాల్స్ డబ్బులు ఇచ్చే రోజున తల్లిని మీ ఇంటికే పిలిపించి మాట్లాడండి. ఆమె సరేనంటే, ఆధార్ కార్డు, ఫొటోలు పట్టుకుని ముగ్గురూ కలిసి పోస్టాఫీసుకు వెళ్లండి.