మౌంట్ చేసే ముందు ఒక్క నిమిషం

చిరంజీవి అమ్మలుకు,

సర్వర్ల బాధ్యత నీకిచ్చారని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. పెదనాన్నగా నీకు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. హోస్ట్‌లోని (అంటే అసలు సర్వర్‌లోని) ఫోల్డర్‌ను కంటైనర్‌కు (ఆ సర్వర్‌పైనే విడిగా నడిచే ప్రోగ్రాముల డబ్బాకు) మౌంట్ చేసే, అంటే లోపల కనిపించేలా జోడించే ముందు తప్పకుండా ఆగి ఆలోచించు.

కంటైనర్ లోపలి రూట్ (సర్వాధికారాలున్న యూజర్) వేరు, బయటి రూట్ వేరు అని చాలామంది అనుకుంటారు. కంటైనర్లను నడిపే డాకర్‌ను మామూలు సెట్టింగులతో నడిపితే రెండింటి యూఐడీ (యూజర్ నంబర్) సున్నానే. లోపలి రూట్‌కు కొన్ని అధికారాలు తగ్గిస్తారు గానీ, ఫైలు ఎవరిదన్న లెక్కలో లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్‌కు ఇద్దరూ ఒకరే.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. మా టెస్ట్ సర్వర్‌లో కుర్రాళ్లకు సుడో (రూట్‌గా పనిచేసే అనుమతి) లేదు, డాకర్‌ను వాడనిచ్చే డాకర్ గ్రూపులోనూ వాళ్లు లేరు. వెబ్ టెర్మినల్‌తో ఒక కంటైనర్‌లోకి మాత్రం వెళ్లేవాళ్లు. దానికి వాళ్ల షేర్డ్ ఫోల్డర్ మౌంట్ చేసింది నేనే. ఒకడు లోపల రూట్‌గా ఉండి, బాష్ (కమాండ్లు తీసుకునే షెల్) కాపీ ఒకటి అందులో పెట్టి సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఫైలు ఓనర్ అధికారంతో నడిపించే గుర్తు) వేశాడు. బయట తన మామూలు లాగిన్‌తో దాన్ని -p ఆప్షన్ ఇచ్చి నడిపితే రూట్ షెల్ వచ్చేసింది. అందులో బగ్ ఏమీ లేదమ్మా, లినక్స్ తన రూల్ ప్రకారమే నడిచింది. వాడు మంచివాడు, వెంటనే వచ్చి నాకు చూపించాడు. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

అందుకే అలాంటి ఫోల్డర్‌ను వేరే పార్టిషన్‌లో పెట్టి, హోస్ట్‌లో నోసూయిడ్ (సెట్‌యూఐడీ బిట్‌ను పనిచేయనివ్వదు), నోడెవ్ (డివైస్ ఫైళ్లను పనిచేయనివ్వదు) ఆప్షన్లతో మౌంట్ చెయ్యి. నోడెవ్‌ను మర్చిపోవద్దు. అది లేకపోతే లోపలి రూట్ అక్కడ డిస్క్ డివైస్ ఫైలు (డిస్క్‌ను నేరుగా చేరే ఫైలు) సృష్టించి, బయటివాళ్లకు తెరిచిపెట్టగలదు. వీలైతే యూజర్ నేమ్‌స్పేస్ రీమ్యాప్ కూడా పెట్టు. అప్పుడు లోపలి సున్నా బయట ఏ అధికారమూ లేని పెద్ద నంబర్ అవుతుంది. దానికోసం ఫోల్డర్ ఓనర్‌షిప్ మార్చడం విసుగ్గా ఉంటుంది, ఆ విసుగుతోనే చాలామంది రీమ్యాప్‌ను తీసేస్తారు. నువ్వు మాత్రం తీయకు.

రాయాల్సిన పని లేని చోట రీడ్-ఓన్లీ చాలు. డాకర్ సాకెట్‌కు (డాకర్‌కు ఆదేశాలు పంపే దారికి) మాత్రం అది రక్షణ కాదు. రీడ్-ఓన్లీగా ఇచ్చినా దానితో డీమన్‌కు (వెనక నడిచే డాకర్ ప్రోగ్రాముకు) ఆదేశాలు పంపొచ్చు, హోస్ట్ మొత్తాన్ని మౌంట్ చేసుకున్న కొత్త కంటైనర్‌ను అడగొచ్చు. దాన్ని ఎవరికీ ఇవ్వకు.

చాలా సర్వర్లలో కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌లో ఇలా హోస్ట్ ఫోల్డర్‌ను మౌంట్ చేయడాన్నే హోస్ట్‌పాత్ అంటారు. దాన్ని అడ్డుకోవడానికి వాడిన పాత పాడ్ సెక్యూరిటీ పాలసీ (పాడ్ అంటే కలిసి నడిచే కంటైనర్ల గుంపు) 1.25 వెర్షన్‌లో పోయింది. ఇప్పుడు నేమ్‌స్పేస్‌కు (కుబర్నెటీస్‌లోని ఒక విభాగానికి) బేస్‌లైన్ లేబుల్‌ను ఎన్‌ఫోర్స్ మోడ్‌లో పెడితే హోస్ట్‌పాత్ ఉన్న పాడ్‌లను రానివ్వదు.

రేపు ఆఫీసుకు వెళ్లగానే నడుస్తున్న ప్రతి కంటైనర్‌నూ డాకర్ ఇన్‌స్పెక్ట్ చేసి, మౌంట్స్ భాగం చూడు. అనుమానం వచ్చిన లైను ఏదైనా ఉంటే రాత్రి ఫోన్ చెయ్యి, ఇద్దరం కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న