మీ ప్రశ్నలు – మా జవాబులు: తంటా అంతా తడి చెత్తతోనే

ప్రశ్న: హైదరాబాద్ జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకు దగ్గర్లోనే మా ఇల్లు. చెత్తగుట్ట మీద కప్పు వేశారు గానీ మా బోరు నీళ్లు ఇంకా పచ్చగానే వస్తున్నాయి. కాచి తాగితే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, దమ్మాయిగూడ

జవాబు: సరిపోదమ్మా. కాస్తే క్రిములు చస్తాయి, అంతే. నీటిలో కరిగిన లవణాలు, లోహాలు ఎక్కడికీ పోవు. నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడతాయి.

మన నగరాల చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. గుట్టగా పోస్తే గాలాడక కుళ్లి, అడుగు నుంచి నల్లటి ఊట దిగుతుంది. లీచెట్ అంటే అదే. వాన పడితే అది ఇంకా పెరుగుతుంది. జవహర్‌నగర్‌లో పాత గుట్ట పోసే ముందు కింద ప్లాస్టిక్ పొర పరిచింది లేదు. అందుకే ఏళ్ల తరబడి ఊరిన నీరు మల్కారం చెరువులోకీ, భూమిలోకీ చేరింది. పైన వేసిన కప్పు కొత్త వాన నీటిని ఆపుతుంది, ఇదివరకే దిగినదాన్ని వెనక్కి తీయలేదు. పైగా మన కింద ఉన్నది గ్రానైటు. నీరు రాతి పగుళ్ల వెంట పాకుతుంది కాబట్టి పక్కింటి బోరు బాగుందని మీదీ బాగుంటుందనుకోకండి.

నీళ్లు పరీక్ష చేయించండి. నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో చేస్తారు. మోటారు పది నిమిషాలు నడిచాక, శుభ్రమైన రెండు లీటర్ల క్యాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. క్రిముల పరీక్షకు, లోహాల పరీక్షకు సీసాలు ల్యాబు వాళ్లనే అడిగి తెచ్చుకోవాలి. అదే రోజు అందజేయండి. టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం), క్లోరైడు, నైట్రేటు, అమ్మోనియా, సీఓడీ (నీటిలో కలిసిన మురుగు ఎంతుందో చెప్పే కొలత), సీసం, కాడ్మియం చూడమనండి. తాగునీటిలో లీటరుకు టీడీఎస్ 500, క్లోరైడు 250, నైట్రేటు 45, అమ్మోనియా 0.5 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది. క్లోరైడు ఒక్కటే ఎక్కువైతే దాన్ని బట్టి ఏమీ చెప్పలేం. నైట్రేటు పెరిగి సీఓడీ తక్కువగా ఉంటే ముందు దగ్గర్లోని సెప్టిక్ ట్యాంకు చూడాలి. క్లోరైడు, అమ్మోనియా, సీఓడీ మూడూ కలిసి పెరిగితే మాత్రం డంపు ఊట మీదే అనుమానం బలపడుతుంది. ఎండాకాలం చివర ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి చేయిస్తేనే తేడా తెలుస్తుంది. ఈలోగా తాగడానికీ, వంటకూ నల్లా నీళ్లే వాడండి.

ప్రశ్న: మా అపార్ట్‌మెంటులో 60 ఫ్లాట్లు. నాలుగు 200 లీటర్ల డ్రమ్ముల్లో ఎరువు చేద్దామని మొదలుపెట్టాం. వారం తిరక్కుండానే కంపు, పురుగులు. ఎక్కడ తప్పింది?
– అసోసియేషన్ కార్యదర్శి, నిజాంపేట

జవాబు: లెక్క దగ్గరే తప్పింది. 60 ఇళ్లలో రోజుకు సుమారు 60 కిలోల తడి చెత్త వస్తుందనుకోండి. అది 110 లీటర్ల దాకా ఉంటుంది. దానికి సమానంగా ఎండుటాకులు కలపాలి. అంటే రోజుకో డ్రమ్ము నిండినట్టే! ఎరువు తయారవడానికి రెండు నెలలు పడుతుంటే నాలుగు డ్రమ్ములు ఏ మూలకు? చోటు చాలక కూరి కూరి నింపి ఉంటారు. గాలి లేనిచోట కుళ్లు తప్ప ఎరువు తయారవదు.

డ్రమ్ములు పక్కన పెట్టి, ఇటుకల మధ్య సందులు వదిలిన జాలీ గోడలతో 4 అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తున ఆరు గదులు కట్టించండి. ఒక్కో గది 1,800 లీటర్లు. చెత్త అణుగుతుంది కాబట్టి గది నిండటానికి పది రోజులు పడుతుంది. ఆరోది నిండేసరికి మొదటిది తవ్వడానికి వస్తుంది. పైన రేకు తప్పనిసరి.

అడుగున అర అడుగు కొబ్బరి పీచు, పుల్లలు పరవండి. ఆ మీద ఒక బుట్ట తడి చెత్తకు ఒక బుట్ట ఎండుటాకు. మొదట్లో పుల్లమజ్జిగో, పేడ నీళ్లో చల్లితే త్వరగా అందుకుంటుంది. రోజూ చివర్లో పైన ఆకులే కనపడాలి. చెత్త కనపడితే ఈగ వాలుతుంది, మీరు చూసిన పురుగులు దాని పిల్లలే. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే ఆకులు పెంచండి, పొడిగా ఉంటే నీళ్లు చిలకరించండి. మూడో రోజున మధ్యలోకి ఇనుప కమ్మీ గుచ్చి ఐదు నిమిషాలాగి తీస్తే చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి. వారానికోసారి తిరగెయ్యండి. కొబ్బరి చిప్పలు, మామిడి టెంకలు ముందే ఏరేయండి.

ఎండుటాకులు దొరకడమే అసలు కష్టం. డిసెంబరు నుంచి మార్చి దాకా రాలే ఆకులను తగలబెట్టనివ్వకుండా బస్తాల్లో దాచుకోండి.

ఇంకో మాట. రోజుకు వంద కిలోలు దాటి చెత్త వచ్చే సముదాయాలను ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు భారీ ఉత్పత్తిదారులుగా లెక్కగట్టాయి. తడి చెత్త సంగతి వీలైనంత వరకు ఆవరణలోనే చూసుకోమన్నాయి. పొడి చెత్త కూడా కలిపితే మీరు ఆ గీత దగ్గరే ఉన్నారు.

ప్రశ్న: చెత్తతో కరెంటు తీస్తున్నారు కదా, ఇంక వేరు చేయడం దేనికి?
– ఒక విద్యార్థి, ఉప్పల్

జవాబు: నీళ్లు మండవు కాబట్టి. జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో అలాంటి ప్లాంటు మొదలైంది. కిలో నీరు ఆవిరి కావడానికే దాదాపు 540 కిలో కేలరీల వేడి ఖర్చవుతుంది. తడి కలిసిన చెత్త వేస్తే కొలిమి వేడిలో కొంత దాన్ని ఆరబెట్టడానికే పోతుంది. వేడి తగ్గితే సరిగా కాలక పొగలో విషాలు పెరుగుతాయి. మండిన తర్వాత కూడా బూడిద మిగులుతుంది, దానికీ చోటు కావాలి.

ప్రశ్న: పాత సెల్‌ఫోన్ బ్యాటరీ పొడి చెత్తలో వేయొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వేయకండి. లారీలో చెత్తను నొక్కేటప్పుడు లిథియం బ్యాటరీ నలిగి అంటుకుంటుంది, పక్కనే కాగితం, ప్లాస్టిక్ ఉంటాయి. కొనలకు టేపు అంటించి, విడిగా దాచి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రంలోనే ఇవ్వండి. ఉబ్బిన బ్యాటరీని పొడవకండి, వంచకండి. ఇచ్చేదాకా ఇసుక పోసిన రేకు డబ్బాలో ఉంచండి.