చిన్న కారులో పెద్ద ఇంజన్ వేయాలనుకుంటున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి మూడు: కార్బురేటర్‌తో నడిచే మీ పాత ఒక లీటర్ కారులోకి ఏ ఇంజన్ తీసుకోవాలి, పని ఏ క్రమంలో చేయాలి, ఖర్చులకు పనికొస్తుందని పాత ఇంజన్‌ను ఇప్పుడే అమ్మేయవచ్చా. వెనక చక్రాలకు శక్తి అందే ఒక చిన్న పాత కారులో నేనూ ఇదే పని చేశాను. కార్బురేటర్ ఇంజన్ దించి ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజన్ ఎక్కించాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

అందరూ హార్స్‌పవర్ దగ్గర మొదలుపెడతారు. నేను గేర్‌బాక్స్ దగ్గర మొదలుపెట్టమంటాను. మీ గేర్‌బాక్స్‌కే బిగిసే పెద్ద ఇంజన్ మీ పాత ఇంజన్ కుటుంబంలోనే, అంటే అదే డిజైన్‌లో, ఉంటే ఇక వెతుకులాట ఆపేయండి. పాత మినీనే చూడండి. 1959లో 848 సీసీ ఇంజన్‌తో వచ్చింది. అదే ఎ-సిరీస్ ఇంజన్ తర్వాత 1275 సీసీ దాకా పెరిగింది కాబట్టి చిన్నది తీసి పెద్దది పెట్టడం పెద్ద తలనొప్పి కాదు. అదే కారులో హోండా ఇంజన్ పెట్టాలంటే ముందు సబ్‌ఫ్రేమే, అంటే ఇంజన్‌ను మోసే చట్రమే, మార్చాలి. మినీలో గేర్‌బాక్స్ ఇంజన్ కింద, ఆయిల్ ఛాంబర్‌లోనే ఉంటుంది, హోండాలో పక్కన ఉంటుంది. రెండూ అడ్డంగా కూర్చునే ఇంజన్లే, అయినా పనిలో మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. మొదటిసారి చేసేవారు ఆ రెండో దారి జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంజన్ ఒక్కదాన్నే కొనకండి, వీలైతే అది ఉన్న కారునే కొనండి. వెనక నుంచి గుద్దుకుని పాడైన కారైనా ఫరవాలేదు, ఇంజన్ నడుస్తుండాలి. 'నడుస్తుండగా తీశాం' అని చెప్పని అమ్మకందారును నేను ఇంతవరకు చూడలేదు. కారు మీ ముందే స్టార్ట్ అయితే ఆ మాట నమ్మాల్సిన పని ఉండదు. ఇంజన్ వేడెక్కాక ప్లగ్గులన్నీ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్‌లో వచ్చే ఒత్తిడి, చూడండి. సిలిండర్ల మధ్య తేడా పది, పదిహేను శాతం మించితే బేరం మానుకోండి. కారు మొత్తం కొంటే ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), వైరింగ్, సెన్సర్లు, రిలేలు, యాక్సిలరేటర్ పెడల్ అన్నీ చేతికొస్తాయి. తాళంచెవిలో చిప్ ఉన్న బండైతే ఈసీయూ, తాళంచెవి, ఇగ్నిషన్ చుట్టూ ఉండే యాంటెనా రింగు ఒకే జతవి కావాలి. వాటిలో ఒకటి లేకున్నా సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజన్ మాత్రం అందుకోదు.

దేన్నైనా విప్పేముందు రిజిస్ట్రేషన్ కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడిగి తెలుసుకోండి. ఇంజన్ నంబరు మారితే ఏ కాగితాలు కావాలో, ఎంత పెద్ద ఇంజన్‌ను ఒప్పుకుంటారో ముందే తేలాలి.

ఇక కొలతలు. ఇంజన్ పొడవు, ఎత్తు చూసి 'పడుతుంది' అనుకుంటే చాలదు. వెనక చక్రాలకు శక్తి అందే కారులో ముందు నుంచి వెనక్కి పొడవుగా కూర్చునే ఇంజన్ ఆయిల్ ఛాంబర్ లోతు ఎటువైపు ఉందో చూడాలి. లోతైన భాగం ముందుంటే, మీ కారులో సరిగ్గా అక్కడే క్రాస్‌మెంబరో (కారు అడుగున అడ్డంగా ఉండే దూలం) స్టీరింగ్ ర్యాకో ఉండవచ్చు. నేను మౌంటింగులు (ఇంజన్‌ను కారుకు పట్టి ఉంచే ఆధారాలు) వెల్డింగ్ చేయకముందే ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో సహా క్రేన్‌కు వేలాడదీసి లోపలికి దించి, తాకుతుందేమో అనుమానం ఉన్న ప్రతిచోటా పిల్లలు ఆడుకునే మెత్తటి బంకమట్టి ముద్దలు పెట్టి చూశాను. ఇంజన్ పైకెత్తాక ఆ ముద్దల మందం కొలిస్తే ఎక్కడ ఎంత సందు ఉందో తేటతెల్లమైంది. కనీసం రెండు సెంటీమీటర్లు ఉంచండి. రబ్బరు మౌంటింగుల మీద ఇంజన్ యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతుంది, ఆగి ఉన్నప్పుడు కనిపించిన సందు అప్పుడు ఉండదు. బానెట్ కూడా మూసి చూడాలి.

అలాగే గేర్‌బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు శక్తిని మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం. గేర్‌బాక్స్ వెనక కొస, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ముందు కొస ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అప్పుడే రెండు చివర్ల యూనివర్సల్ జాయింట్ల ఎగుడుదిగుడు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. లేకపోతే వేగం పెరిగే కొద్దీ కారు వణుకుతుంది. అందుకే మౌంటింగులకు ముందు చిన్న చుక్కల వెల్డింగే పెట్టండి. రేడియేటర్, సైలెన్సర్ పైపు, స్టీరింగ్ అన్నీ అమిరాక ఇంజన్ మళ్లీ బయటికి తీసి పూర్తి వెల్డింగ్ చేయించండి. రెట్టింపు చాకిరీలా అనిపిస్తుంది, కానీ తప్పదు.

క్లచ్ విషయంలో చాలామంది తికమక పడతారు. ప్లేటు బయటి వ్యాసం ఫ్లైవీల్‌కు సరిపోవాలి, మధ్యలోని పళ్లు గేర్‌బాక్స్ షాఫ్ట్‌కు సరిపోవాలి. ఇంజన్ ఒక బండిది, గేర్‌బాక్స్ మరొక బండిది అయినప్పుడు ఈ రెండూ కుదిరే ప్లేటు వెతకాలి. ఇంజన్ ఇంకా బయట నేల మీద ఉండగానే వెనక ఆయిల్ సీలు, టైమింగ్ బెల్టు, వాటర్ పంపు మార్చేయండి. లోపలికి వెళ్లాక వాటిని చేరుకోవడం నరకం.

ఎక్కువ సమయం తినేది వైరింగే. తీసేటప్పుడు ప్రతి కనెక్టర్‌కూ రెండు వైపులా చీటీ కట్టండి, ఫొటో తీయండి. వైరింగ్ మొత్తం నేల మీద పరిచి, ఆ మోడల్ సర్క్యూట్ డయాగ్రం పక్కన పెట్టుకుని, ఇంజన్‌కు అక్కర్లేని అద్దాల మోటార్లు, డోర్ లాకులు, ఏసీ తీగలను ఒక్కొక్కటిగా బయటికి లాగితే మిగిలే కట్ట ఆశ్చర్యపడేంత సన్నగా ఉంటుంది. ఎర్త్ వైరు మందంగా ఉండాలి, ఇంజన్ నుంచి బాడీకి నేరుగా వెళ్లాలి. మా స్నేహితుడొకరి కారులో అది బిగించడం మరిచిపోతే సెల్ఫ్ కొట్టగానే కరెంటు క్లచ్ కేబుల్ గుండా దారి వెతుక్కుంది. కేబుల్ పైతొడుగు కరిగి పొగ వచ్చింది.

ఇంధనం సంగతి తేలిగ్గా తీసుకోకండి. కార్బురేటర్‌కు 0.2 నుంచి 0.4 బార్ ఒత్తిడి చాలు, మామూలు ఇంజెక్షన్‌కు దాదాపు 3 బార్ కావాలి. పాత పంపు, పాత రబ్బరు గొట్టాలు అందుకు పనికిరావు. చాలా ఇంజన్లలో ట్యాంకుకు తిరుగు గొట్టం కూడా వేయాలి. శక్తి పెరుగుతోంది కనుక బ్రేకులూ ముందు స్ప్రింగులూ కూడా లెక్కలో ఉంచుకోండి.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంధనం, ప్లగ్గులకు వెళ్లే ఇగ్నిషన్ కరెంటు రెండూ ఆపి, ఆయిల్ ప్రెషర్ కనిపించేదాకా సెల్ఫ్‌ను ఆపి ఆపి తిప్పండి. మంటలార్పే సిలిండర్ చేతికందేలా ఉంచుకోండి, ఒక మనిషి తోడుండాలి.

పాత ఇంజన్ మాత్రం ఇప్పుడే అమ్మకండి. కొత్తది మౌంటింగుల మీద కూర్చునేదాకా అదే మీ కొలబద్ద. బ్రాకెట్ ఎంత దూరంలో ఉండాలి, క్లచ్ కేబుల్ ఎక్కడ ముగియాలి, టెంపరేచర్ మీటరుకు వెళ్లే సెన్సర్ ఏది అన్న ప్రశ్నలన్నిటికీ దాన్నే చూసుకోవాలి. చాలాసార్లు డాష్‌బోర్డు మీటరు సరిగ్గా చూపాలంటే ఆ పాత సెన్సర్‌నే కొత్త ఇంజన్‌లో బిగించాల్సి వస్తుంది. కారు సొంతంగా రోడ్డెక్కి, కాగితాలు చేతికొచ్చాక అమ్ముకోండి.