పై ఫ్లాట్ లీకేజీకి మీ అడ్వాన్సులో కోతా?

బెడ్‌రూమ్ గోడకు బూజు పట్టిందని, పెయింటింగ్ ఖర్చు అడ్వాన్సులో పట్టుకుంటామని ఓనరుగారు అంటున్నారని రాశారు. టెన్షన్ పడకండి. పైవాళ్లు బాత్రూమ్ వాడినప్పుడల్లా మరక పెద్దదవుతూ, అంచున తెల్లగా ఉప్పు పొంగి పెచ్చులు రాలుతున్నాయంటే నీళ్లు పైనుంచే దిగుతున్నాయి. అది మీ తప్పు కాదు. గదిలో తడిబట్టలు ఆరేసి కిటికీలు మూసేయడం వల్ల పట్టిన బూజైతే మాత్రం ఓనరును అనలేం.

అగ్రిమెంట్‌లో రిపేర్ల గురించి ఏం రాశారో చూడండి. వాట్సాప్‌తో సరిపెట్టకుండా, ఫొటోలు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఓనరు చేయించాల్సిన రిపేరు, నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, మీరే చేయించి ఖర్చును అద్దెలో తగ్గించుకోవచ్చని 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 108 చెబుతోంది. బిల్లులు దాచండి. లీకు ఆగకుండా పెయింట్ వేయనివ్వకండి, బూజు మళ్లీ వస్తుంది. అప్పటిదాకా పాపను ఆ గదిలో పడుకోబెట్టకండి.